జవాబు ముందు, స్టెప్పులు తర్వాత

మా మరదలు పది లెక్కలకు పది సరైన జవాబులు రాసి పరీక్ష తప్పింది.

ఇది రెండేళ్ళ కిందటి మాట. మా తమ్ముడు పోయి అప్పటికి ఏడాది కాలేదు. వాడి ఆఫీసు వాళ్ళు కారుణ్య నియామకం కింద వాడి భార్యకు ఉద్యోగం ఇస్తామని ఉత్తరం రాశారు. ఫైళ్ళ గదిలో చిన్న ఉద్యోగం. ఆమె పదో తరగతి పాసు కాలేదు కాబట్టి ఎనిమిదో తరగతి లెక్కల్లో ఆఫీసు వాళ్ళు పెట్టే రాతపరీక్ష నెగ్గాలి. నెగ్గితే ఉద్యోగం ఉంటుంది, మౌలాలిలో ఇరవై రెండేళ్ళుగా ఉంటున్న క్వార్టరూ ఉంటుంది. నెగ్గకపోతే రెండూ పోతాయి. వాళ్ళకు పిల్లలు లేరు. తెనాలి దగ్గర ఆమె పుట్టింట్లో ఇప్పుడు ఎవరూ లేరు.

పరీక్ష గంటన్నర. ఆమె ఇరవై నిమిషాల్లో ముగించి, పెన్ను మూత పెట్టి, మిగిలిన సమయమంతా ఫ్యాను చూస్తూ కూర్చుందట. వారం తర్వాత ఆఫీసరు కబురు చేశాడు. తోడుగా నేను కూడా వెళ్ళాను. ఆయన ఆమె పేపరు తీసి బల్ల మీద పెట్టాడు. మార్జిన్‌లో ఒకటి నుంచి పది దాకా అంకెలున్నాయి. ఒక్కో దాని పక్కన ఒక్కో సంఖ్య ఉంది. మిగతా పేజీ అంతా తెల్లగా ఉంది.

“ఎవరి దగ్గర చూసి రాశావమ్మా?”

“నా ముందు బల్ల ఖాళీ అండీ. పక్కన గోడ.”

“మరి స్టెప్పులేవి?”

“స్టెప్పులంటే?”

“జవాబు ఎలా వచ్చిందో రాయాలి కదా.”

“అది రావడమేం లేదండీ. కనపడింది.”

ఆఫీసరు కోప్పడలేదు. అక్కడికక్కడే ఒక లెక్క అడిగాడు. “ఒక సంఖ్యను రెట్టింపు చేసి మూడు కలిపితే పదకొండు. ఆ సంఖ్య...”

“నాలుగు.”

“మూడు వరుస సంఖ్యల మొత్తం డెబ్బై రెండు...”

“ఇరవై మూడు, ఇరవై నాలుగు, ఇరవై ఐదు.”

ఆయన కాలిక్యులేటర్ మీద కూడి చూసుకున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆమె చూసి రాయలేదని ఆయనకు నమ్మకం కుదిరింది, దాంతో ఇబ్బంది ఇంకా పెరిగినట్టు కనిపించింది. “నేను నమ్ముతానమ్మా. ఫైలు నమ్మదు. పది లెక్కల్లో కనీసం ఎనిమిదింటికి స్టెప్పులు ఉండాలి. ఆర్నెల్లలో ఇంకోసారి పరీక్ష పెడతాం. రూల్సు ప్రకారం అదే ఆఖరు,” అన్నాడు.

బయటికొచ్చాక మెట్ల మీద ఆమె నన్ను అడిగింది. “ఏందొదినా ఇది? తప్పు రాస్తే తప్పించాలిగానీ, ఒప్పు రాస్తే తప్పించటమేంది?”

ఆమెకు ఆ చూపు ఎలా వచ్చిందో నేను చెప్పగలిగినంత చెబుతాను. వాళ్ళ చర్చి సంఘంలో ప్రేమవిందు అని అందరికీ భోజనాలు పెట్టినప్పుడల్లా వంట ఆమె చేతి మీదే నడిచేది. రెండు వందల మందికి అన్నం, కూర, పెరుగు. ఏదీ కొలిచేది కాదు. గుమ్మం దగ్గర నిలబడి వచ్చిన వాళ్ళను ఒకసారి చూసి, గుండిగ వైపు ఒకసారి చూసి, “ఇంకో మూడు గిన్నెలు పోయండి,” అనేది. సరిపోయేది. ఎలా తెలుసని అడిగితే నవ్వేది. దాని గురించి ఎవరూ అంతకంటే ఆలోచించలేదు.

నేను ఒక బళ్ళో ముప్పై ఒక్క సంవత్సరాలు లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యాను. చాలా పుస్తకాలు చదివాను. లెక్కల్లో అంకెల మధ్యకు అక్షరాలు వచ్చిన రోజు నా చదువు ఆగిపోయింది. అంకెలు అంకెలుగా, అక్షరాలు అక్షరాలుగా ఉన్నంతవరకే నేను మంచి విద్యార్థిని. అయినా ఆమె, “మీరే నేర్పండి వదినా,” అనగానే ఒప్పుకున్నాను. అంతకుముందు ఒక ట్యూషన్ మాస్టారిని పెట్టాం. ఆయన లెక్క చదవడం మొదలుపెట్టేవాడు, ముగించకముందే ఈమె జవాబు చెప్పేది. రెండో రోజు ఆయన పుస్తకం మూసి, “నేను ఈవిడకు చెప్పేదీ లేదు, ఈవిడ నాకు రాసిచ్చేదీ లేదు,” అని వెళ్ళిపోయాడు. అది ఒక కారణం. ఇంకో కారణం, తమ్ముడు పోయినప్పటి నుంచి నా చేతులకు పని లేదు. సమాధి కార్యక్రమం దగ్గర చాలామంది నన్ను ధైర్యవంతురాలిని అన్నారు. నేను ఏడవలేదు, అంతే. ధైర్యానికీ దానికీ సంబంధం లేదు.

ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకం కొని మూడు రోజులు చదువుకుని, నాలుగో రోజు మౌలాలి వెళ్ళాను. వంటింటి బల్ల మీద కొత్త నోటుపుస్తకం తెరిచి మొదటి లెక్కే మొదలుపెట్టాను. రెట్టింపు చేసి మూడు కలిపితే పదకొండు.

“రాయి. ఆ సంఖ్యను ఎక్స్ అనుకొనుము.”

“ఎందుకనుకోవాలి?”

“అదేమిటో మనకు తెలియదు కాబట్టి.”

“తెలుసుగా. నాలుగు.”

“తెలియదని అనుకోవాలి.”

ఆమె పెన్ను కింద పెట్టింది. “తెలిసి తెలియదనటం అబద్ధం కాదా వదినా?”

“ఇది లెక్క. లెక్కలో అబద్ధం ఏముంటుంది?”

“కాగితం మీద పెన్నుతో రాసి, పైన నా పేరు పెట్టి ఇచ్చేది ఏదైనా ఒకటే. మా నాన్న సంఘపెద్ద. కోర్టులో ఒక్క ముక్క మార్చి చెప్పమంటే చెప్పక అరెకరం పోగొట్టుకున్నాడు. నేనేమో కళ్ళెదురుగా ఉన్న నాలుగుని పట్టుకొని, ఇదెవరో నాకు తెలీదు అని రాయాలా?”

“ఉద్యోగం కావాలా వద్దా?”

“కావాలి. దాని కోసం మొదటి లైన్లోనే బొంకమంటే ఎట్లా?”

ఆ రోజు రెండు గంటలు కూర్చున్నాం. మొదటి లైను దాటలేదు. టీ తాగి వచ్చేశాను.

గురువారం వాళ్ళ కాలనీలో స్త్రీల కూటం ఉంటుంది. ఆమె ఈ విషయాన్ని ప్రార్థన విన్నపంగా పెట్టింది. నేను చాప మీద వెనక వరుసలో ఉన్నాను. పాస్టరమ్మగారు పెద్దావిడ. దేన్నీ తేలికగా తీసుకోరు. కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించి అడిగారు.

“ఆ ఎక్స్ అనేది మనిషామ్మా?”

“కాదండీ. అంకె.”

“దాని వల్ల ఇంకొకరికి నష్టం ఉందా?”

“లేదండీ. ఎవరూ పట్టించుకోరు.”

“అడిగేవాళ్ళకు అది నాలుగని ముందే తెలుసా?”

“తెలుసండీ. వాళ్ళు పెట్టిందేగా.”

“అయితే ఎవరూ మోసపోవడం లేదు. అనుకో. నమ్మకు,” అని తీర్పు చెప్పారు. తర్వాత అందరం తలలు వంచాం. “ప్రభువా, మా సహోదరికి నీవు దయచేసిన జవాబులను కొంతసేపు మరుగుచేయుము. ఆమెకు స్టెప్పులు అనుగ్రహించుము,” అని పాస్టరమ్మగారు ప్రార్థించారు. పదిహేను మంది ఆడవాళ్ళు గట్టిగా ఆమేన్ అన్నారు. నేను ప్రార్థనలో మాటలను పట్టి చూసే మనిషిని. ఆ మాటల్లో తీసేయాల్సింది ఏమీ కనిపించలేదు. నేను కూడా ఆమేన్ అన్నాను.

మర్నాడు ఆమె మొదటి లెక్క రాసి చూపించింది. మొదటి లైను ఇలా ఉంది: “ఆ సంఖ్యను x అనుకొనుము. (నిజానికి 4.)”

నేను ఎంత చెప్పినా ఆ బ్రాకెట్టు తీయలేదు. అది ఉంటేనే మనసు కుదుటగా ఉంటుందంది.

అప్పుడు నాకు రెజిమెంటల్ బజార్‌లో పుస్తకాలు కుట్టే భాయ్ గుర్తొచ్చాడు. మా లైబ్రరీ పుస్తకాలన్నీ ఏటా ఆయన దగ్గరే బైండింగ్‌కు వెళ్ళేవి. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. ఒకప్పుడు పుస్తకాలు అప్పజెప్పడానికి వెళితే, జిగురు ఆరేదాకా ఆయన లెక్కల గైడు చదువుతూ కనిపించేవాడు. శనివారం మధ్యాహ్నం ఆమెను తీసుకుని ఆయన కొట్టుకు వెళ్ళాను. ఆయన నోటుపుస్తకాన్ని ముందు కుట్టు చూసి, తర్వాత తెరిచి, మొదటి లైను చదివాడు.

“గిదేంది చెల్లె? మొదటి లైన్లనే దొంగను పట్టిచ్చినవ్. ఇగ కింద పోలీసోళ్ళకు ఏం పని?”

“దొరికినోణ్ణి దొరకలేదని ఎట్లా రాస్తాం అన్నా?”

“జెర సబర్ చెయ్యాలె. ఆఖరి లైన్ల దొరకాలె. ముప్పై ఏండ్ల సంది గైడ్లు కుడుతున్న, ఒక్క గైడ్ల సుత మొదటి లైన్ల దొరకలే.”

“మీకు ఈ లెక్కలన్నీ వచ్చా భాయ్?” అన్నాను.

“స్టెప్పులు వస్తయ్ మేడం. జవాబులు రావు.”

“అదెలా?”

“జవాబులు పుస్తకం చివర్ల ఉంటయి గద. ఆ ఆఖరి కాయితాలు కుట్టే టైముకు నాకు అన్నం టైమయితది. ఎన్నడు చదవలే.”

ఆయన హాస్యమాడటం లేదు. పరీక్షించి చూశాను. ఏ రకం లెక్క ఇచ్చినా, మొదట ఏం రాయాలి, తర్వాత ఏం రాయాలి, ఎక్కడ “ఇరువైపులా భాగించగా” అని రాయాలి, అన్నీ చెప్పాడు. అంకెలు మాత్రం తోచినవి వేశాడు. ఎనిమిదిని రెండుతో భాగిస్తే ఎంతో వేసే చోట ఒక గీత గీసి, “గీడ ఏదో ఒకటొస్తది,” అన్నాడు. ఇలా ఆ కొట్లో ఒక వైపు జవాబులు మాత్రమే తెలిసిన మనిషి, ఇంకో వైపు స్టెప్పులు మాత్రమే తెలిసిన మనిషి కూర్చున్నారు. మధ్యలో రెండూ తెలియని నేను మంచినీళ్ళ సీసా పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను.

అప్పటి నుంచి ప్రతి శనివారం వెళ్ళాం. ఆయన చెప్పే పద్ధతి కుట్టుపని పద్ధతే. సమానం గుర్తు కింద సమానం గుర్తు రావాలి, దారం పక్కకు పోకూడదు. ఒక వైపు నుంచి ఇంకో వైపుకు అంకెను పంపితే కూడిక తీసివేత అవుతుంది.

“ఎందుకు అవుద్ది అన్నా?”

“అది నన్నడగొద్దు చెల్లె. ఎందుకో నాకెర్కలే. మార్చకుంటే మాత్రం ఏ గైడోడు ఒప్పుకోడు.”

పది వారాలకు బ్రాకెట్టు పోయింది. అయినా అసలు కష్టం అలాగే ఉంది. మొదటి లైను రాసేది. ఆఖరి లైను రాసేది. మధ్యలో ఏం రాయాలో ఆమెకు తెలిసేది కాదు, ఎందుకంటే ఆమె లోపల ఆ మధ్యలో ఏమీ జరగలేదు. భాయ్ చెప్పిన స్టెప్పులు బట్టీపట్టి రాస్తే వేరే లెక్కలో స్టెప్పులు వచ్చి పడేవి. ఒకరోజు తల్లీకూతుళ్ళ వయస్సుల లెక్కలో దీర్ఘచతురస్రం చుట్టుకొలత వచ్చింది.

మౌలాలిలో ఒక మధ్యాహ్నం విసిగిపోయి, నోటుపుస్తకంలో పేజీ చివర “x = 4” అని రాయించాను. “దీనికి ముందు ఏముండాలి?” అని అడిగాను.

ఆమె చూసింది. “రెండు ఎక్స్‌లు కలిపి ఎనిమిది.”

“పైన రాయి. అంతకుముందు?”

“పదకొండులోంచి మూడు పోయింది.”

“పైన రాయి. అంతకుముందు?”

“ఆ మూడు ఇటుపక్క ఉంది. రెండు ఎక్స్‌లకి మూడు కలిపి పదకొండు.” ఆమె రాసి, కాసేపు చూసి, ఇంకా పైన, “ఆ సంఖ్యను x అనుకొనుము,” అని రాసింది.

పై నుంచి కిందికి చదివాం. పుస్తకంలో ఉన్నట్టే ఉంది.

ఆ రోజు నుంచి ఆమె లెక్కలన్నీ కింది నుంచి పైకి చేసింది. పేజీ అడుగున జవాబు రాసేది, ఒక్కో లైనే పైకి ఎక్కేది, చివరికి నెత్తిన “అనుకొనుము” పెట్టేది. పక్కన కూర్చుని చూస్తే కళ్ళు తిరిగేవి. భాయ్‌కి చూపిస్తే మురిసిపోయాడు. “మేం ఉర్దూ కుడి దిక్కు నుంచి రాస్తం. నువ్వు కింది నుంచి షురూ చేసినవ్. పరేషాన్ గాకు చెల్లె, దిద్దేటోడు పై నుంచే చదువుతడు. ఆయనకేం ఎర్క?”

ఇంకో శనివారం భాయ్ ఊళ్ళో లేడు. మౌలాలిలోనే కూర్చున్నాం. ఎండ పడకుండా కిటికీ తెర దించి ఉంది. ఆమె ఆరేడు లెక్కలు చకచకా చేసింది. నేను అలవాటుగా ప్రతి లైనుకూ “అంతకుముందు?” అంటున్నాను. ఒక లెక్క పైదాకా అయిపోయింది. నేను గమనించకుండా మళ్ళీ “అంతకుముందు?” అన్నాను.

ఆమె పెన్సిలు కింద పెట్టింది. తర్వాత అంది.

“పదీ నలభైకి ఫోనొచ్చింది.”

ఆ క్షణం నాకు అర్థం కాలేదు. తర్వాత అయింది. మా తమ్ముడు ఆఫీసు క్యాంటీన్‌లో టీ కోసం వరుసలో నిలబడి పడిపోయాడు. నాకు కూడా ఆ రోజు ఒక ఫోను వచ్చింది. ఒక వాక్యం. ఆ వాక్యం తప్ప ఆ రోజు గురించి నాకేమీ తెలియదు. ఏడాదిగా ఎవరినీ అడగలేదు, ఆమెను అసలే అడగలేదు.

“అంతకుముందు?” అన్నాను.

“గిన్నెలు తోముతున్నా. మాడిన గిన్నె ఒకటుంటే నానబెట్టా.”

“అంతకుముందు?”

“గేటు దాకా పోయి వెనక్కొచ్చాడు. కళ్ళజోడు మర్చిపోయాడు. జోడు ఫ్రిజ్ మీదుంది. ఫ్రిజ్ మీదెందుకు పెట్టారండీ అంటే, నేనెందుకు పెడతా, అదే ఎక్కింది అన్నాడు.”

“అంతకుముందు?”

“ఉప్మాలో ఉప్పు లేదన్నాడు. ఉందని నేను. లేదని ఆయన. లేదులే వదినా. నిజంగానే వెయ్యలా.”

“అంతకుముందు?”

“స్నానం చేసి నీళ్ళు కారుకుంటా వచ్చి, తువ్వాలు అడిగాడు. భుజం మీదే ఉంది.”

“అంతకుముందు?”

“రేడియో పెట్టాడు. అంతకుముందు పాలు తెచ్చాడు. అంతకుముందు లేపితే, ఇంకో అయిదు నిమిషాలన్నాడు.”

“అంతకుముందు?”

“నిద్రపోతున్నాడు.”

అక్కడ ఆపాం. ఆమె లేచి టీ పెట్టింది. మా తమ్ముడు ఏ భుజం మీద తువ్వాలు వేసుకునేవాడో నేను అడగలేదు. నాకు తెలుసు. చిన్నప్పుడూ అంతే, ఎడమ భుజం. టీ తాగి ఇంకో మూడు లెక్కలు చేయించి వచ్చేశాను.

పరీక్ష దగ్గరపడేసరికి ఆమె చాలా మెరుగుపడింది, ఆ మెరుగు ఒక కొత్త తంటా తెచ్చింది. స్టెప్పుల రుచి తగిలింది. నాలుగు లైన్ల లెక్కకు పద్నాలుగు లైన్లు రాయడం మొదలుపెట్టింది. “ఇప్పుడు మూడును అవతలికి పంపుచున్నాము. పంపితిమి. మూడు అవతలికి చేరినది.” ఇలా సాగేది. ఏదీ దాచకూడదనుకుంది. గంటన్నరలో నాలుగు లెక్కలే అయ్యేవి. భాయ్ ఆ పేజీలు చూసి తల పట్టుకున్నాడు.

“మస్తు కుట్లు వేసినవ్ చెల్లె. గిన్ని కుట్లు వేస్తే పుస్తకం తెరుసుకోదు.”

“మీరేగా స్టెప్పు వదలొద్దన్నది?”

“వదలొద్దన్న. పుట్టిచ్చమనలే.”

చివరి రెండు వారాలు కుట్లు విప్పడంతో సరిపోయింది.

పరీక్ష రోజు ఆఫీసు గేటు ఎదురుగా టీ బంకు దగ్గర నేను నిలబడ్డాను. పాస్టరమ్మగారు పొద్దున్నే ఫోను చేసి, “ఎనిమిదికి తగ్గకుండా,” అని ప్రార్థించి పెట్టేశారు. గంటన్నర తర్వాత మా మరదలు బయటికి వచ్చింది. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. ప్రశ్నల కాగితం నా చేతిలో పెట్టి, “పదండి, అన్న దగ్గరికి పోదాం,” అంది. ఆటోలో అడిగినా చెప్పలేదు.

కొట్లో భాయ్ జిగురు గిన్నె పక్కకు జరిపి చోటు చేశాడు. అప్పుడు చెప్పింది.

“ఏడు బాగా వచ్చినయి. రెండిటికి పైన చోటు చాలలా.”

“చోటు చాలకపోవడమేమిటి?”

“కింది నుంచి ఎక్కుతా ఎక్కుతా పోతే, పై గీత వచ్చేసింది వదినా. ‘అనుకొనుము’ రాయటానికి జాగా లేదు. మెడ నరికినట్టు ఉన్నయి ఆ రెండూ.”

“మరి పదోది?”

ఆమె వేలు పదో లెక్క మీద పెట్టింది. ఒక సంఖ్యకు ఏడు రెట్లలోంచి నాలుగు తీసేస్తే, అదే సంఖ్య మూడు రెట్లకు అయిదు కలిపినంత. ఆ సంఖ్య ఎంత?

“కనపడలా,” అంది.

భాయ్ ఆమెకేసి చూశాడు. నేను కూడా చూశాను.

“రెండు వేసి చూశా. తక్కువొచ్చింది. మూడు వేశా. ఎక్కువొచ్చింది. రెండుకీ మూడుకీ మధ్య ఏముంటది? పేజీ అడుగున రాయటానికి ఏం లేదు నా దగ్గర. కింద ఏం లేకుండా పైకెట్లా ఎక్కేది? ఇంక గత్యంతరం లేక పైనే మొదలుపెట్టా. ఆ సంఖ్యను ఎక్స్ అనుకొనుము. నిజంగానే తెలీదుగా. మీరు చెప్పింది, అన్న చెప్పింది ఒక్కోటీ తలుచుకుంటా దిగా. ఆఖరి లైను దాకా అదేందో నాకు తెలీదు. బెల్లు కొట్టారు. సరిచూసుకోవటానికి టైము లేదు.”

“ఎంతొచ్చింది?”

“తొమ్మిది కింద నాలుగు. అదేం అంకె వదినా? తొమ్మిదా, నాలుగా?”

ఆమె కొట్టులో కత్తిరించి పడేసిన అట్టముక్క మీద లెక్కంతా మళ్ళీ రాసింది. భాయ్ వేలితో ఒక్కో లైనూ తడిమాడు.

“స్టెప్పులు ఫస్ట్ క్లాస్. దారం సీదా ఉంది. ఏడులకెళ్ళి మూడు తీసినవ్, అయిదుకు నాలుగు కలిపినవ్. గింతవరకు సహీ. కాని...” ఆయన చివరి లైను దగ్గర ఆగాడు. “గైడ్లల్ల ఎన్నడు గిట్ల మీదొకటి కిందొకటి రాలే. సీదా అంకె వస్తది. ఎక్కడో గడ్‌బడ్ అయినట్టుంది చెల్లె.”

“జవాబులు మీరు చదవలేదన్నారుగా?”

“చదవలే. పేజీ తిప్పేటప్పుడు కండ్లు పడతయ్ గద.”

ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఏడు వచ్చాయి. రెండు పోయాయి. ఈ ఒక్కటి ఒప్పయితే ఎనిమిది. కాకపోతే క్వార్టరు ఖాళీ చేయాలి, సామాను ఎక్కడికో చేర్చాలి. ఆమెకు చూస్తే కనపడదు. ఆయన జవాబుల దాకా ఎప్పుడూ వెళ్ళలేదు. మిగిలింది నేను.

నేను ఇంకో అట్టముక్క తీసుకున్నాను. ఎనిమిదో తరగతి పుస్తకంలో చివరి స్టెప్పు ఒకటుంటుంది, “సరిచూచుట” అని. జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో పట్టించుకోకుండా, దాన్ని మళ్ళీ లెక్కలో పెట్టి, రెండు వైపులూ ఒకటో కాదో చూడటం. నేను ఆమెకు అది నేర్పలేదు, ఎందుకంటే ఆమెకు అవసరం లేదనుకున్నాను. నేను భిన్నాలు కూడి నలభై ఏళ్ళు దాటింది. ఎడమ వైపు, తొమ్మిది బై నాలుగుకు ఏడు రెట్లు. అరవై మూడు బై నాలుగు. అందులోంచి నాలుగు తీసేయాలి, అంటే పదహారు బై నాలుగు. నలభై ఏడు బై నాలుగు. కుడి వైపు, మూడు రెట్లు, ఇరవై ఏడు బై నాలుగు. అయిదు కలపాలి. ఇరవై బై నాలుగు. అక్కడ నాకు నలభై తొమ్మిది వచ్చింది. మళ్ళీ కూడి చూశాను. ఇరవై ఏడూ ఇరవై, నలభై ఏడు.

ఇంకోసారి మొదటి నుంచి చేశాను. వాళ్ళిద్దరూ నా చేతినే చూస్తున్నారు. బజారులో ఎవరో బండి వెనక్కి తీస్తూ అరుస్తున్నారు.

“రెండు వైపులా ఒకటే,” అన్నాను.

“ఒకటే అంటే?”

“ఒప్పే. తొమ్మిది బై నాలుగు అంటే తొమ్మిదిని నలుగురికి పంచాలి. తలా రెండు, ఇంకా పావు. రెండుంబావు.”

“రెండుంబావా!” ఆమె అట్టముక్కను లాక్కుంది. “పెద్ద తపేలాకి రెండుంబావు కిలోల బియ్యం పట్టుద్ది. ఎన్నిసార్లు పోశానో! అది కనపడకపోవటమేంది నాకు?” కాసేపు ఆ అట్టముక్కనే చూసింది. “కనపడకుండానే వచ్చింది వదినా. నేను చూడకుండానే.”

భాయ్ తన కుట్టుసూది తీసి పక్కన పెట్టి, ఇరానీ చాయ్ చెప్పాడు.

మూడు వారాల తర్వాత ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఎనిమిదింటికి స్టెప్పులు సరిగ్గా ఉన్నాయని, ఫలానా సోమవారం చేరాలని ఉంది. తల లేని ఆ రెండు లెక్కల గురించి ఏమీ రాయలేదు. పాస్టరమ్మగారు గురువారం కూటంలో కృతజ్ఞతాస్తుతి చెప్పి, ఇక జవాబులను మరుగుచేయనక్కర్లేదని కూడా ప్రార్థించారట. భాయ్‌కి నేనే వెళ్ళి చెప్పాను. ఆయన గర్వపడ్డాడు, కాని పైకి, “స్టెప్పులు రాస్తే నౌకరీ ఇయ్యక ఏం జేస్తరు?” అని మాత్రం అన్నాడు.

సోమవారం ఆమె చేరింది. సాయంత్రం ఆరున్నరకు నాకు ఫోను చేసింది.

“ఎలా ఉంది అమ్మాయ్, మొదటి రోజు?”

“అట్లా ఒక్క ముక్కలో అడిగితే ఏం చెప్పను వదినా? మొదట్నుంచి చెప్తా, ఉండండి. అయిదున్నరకి లేచా. లేచేసరికి కుళాయిలో నీళ్ళు రాలా...”

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మధ్యలో ఏమీ అనలేదు. ఆమె నీళ్ళు పట్టింది, టిఫిను కట్టుకుంది, చీర మార్చుకుంది, మళ్ళీ మార్చుకుంది, ఉప్మాలో ఉప్పు చూసుకుంది, తాళం వేసింది, వేశానా లేదా అని వెనక్కి వెళ్ళి చూసింది. పావుగంట గడిచింది. ఆమె ఇంకా ఆఫీసుకు వెళ్ళే ఎమ్మెమ్టీయస్ రైలు ఎక్కలేదు.